వహ్రాన్‌లో పొద్దు గుంకేదాకా

ఖర్జూరం సగం గొంతు దిగింది, సగం నోట్లోనే ఉంది, గింజ నాలుక కింద ఒత్తుకుంటోంది, కిటికీ అవతల మసీదులో ముసలి సి లర్బీ ఇప్పుడే మైకులో గొంతు సవరించుకున్నాడు, ఇప్పుడే కదా, రోజూలాగే ఒకసారి, మళ్లీ ఒకసారి, ఆ తర్వాతే అజాన్ ఎత్తుకున్నాడు, పేటంతా ఆ దగ్గు కోసమే చెవులొగ్గి కూర్చుంటుంది, పిల్లలైతే అజాన్ కంటే ముందు ఆ దగ్గునే అనుకరిస్తారు, మరైతే, అనుకున్నాడు లజ్‌హర్, మరైతే ఇందాక నా చెవుల్లో మోగిందేమిటి? ఆ అజాన్‌కి దగ్గు లేదు. ఆ గొంతు తియ్యగా, నున్నగా ఉంది, సి లర్బీ గొంతు ఏనాడైనా అలా ఉందా, చిన్నప్పట్నుంచీ వింటున్న బొంగురు గొంతు, అయినా చెయ్యి దానంతటదే ఖర్జూరం మీదికి పోయింది, నోరు బిస్మిల్లా అంది, కొరికింది, మింగింది. పొద్దు గుంకకుండానే. ఛీ. హెడ్‌ఫోన్లు మెడలోకి జారి ఉన్నాయి, తెర మీద బంగారు అక్షరాలతో 'విజయం' అని మెరుస్తోంది, ఆ అక్షరాల వెనకాల రెండు శవాలు పడి ఉన్నాయి, తుపాకులు నేలకి దించుకుని ఎలా నిలబడ్డవాళ్లు అలాగే కూలిపోయారు, ఒకటి మీలూద్‌ది, ఒకటి కద్దూర్‌ది. ఉత్త బొమ్మలే. బొమ్మలే అయినా వాటి వైపు చూడబుద్ధి కావడం లేదు.

ఆట ఇద్దరిద్దరిది, నెట్‌లో ఆడే తుపాకుల ఆట. ఇటు తూర్పున అన్నాబా నుంచి తను, తన భార్య తమ్ముడు బాదీస్, ఒకే ఇంట్లో రెండు గదుల్లో. అటు పడమట వహ్రాన్ నుంచి మీలూద్, కద్దూర్. గెలిచిన జోడీ పండగ దాటాక రాజధానికి వెళ్లి, వేదికెక్కి, జనం ముందు ఫైనల్ ఆడుతుంది. దేశం ఒకటే, గడియారం ఒకటే, పొద్దే ఒకటి కాదు, ఇక్కడ దిగిపోయిన సూర్యుడు వహ్రాన్‌లో ఇంకో అరగంట సముద్రం మీద వేలాడుతూనే ఉంటాడు, రంజాన్ సాయంత్రాల్లో ఆటలంటే ఆ అరగంటే పెద్ద తంటా. మొదటిసారి తలపడ్డ సాయంత్రం ఆ తంటా తీర్చింది మీలూదే. 'మీ పొద్దు ముందు దిగుతుంది కదన్నా, మీ అజాన్ వినబడగానే మేం చేతులు తీసేస్తాం, తుపాకీ నేలకి దించి నిలబడతాం, మీరు నిమ్మళంగా ఓ ఖర్జూరం తినండి, మాది వచ్చినప్పుడు మీరు నిలబడుదురు గాని.' అంతే ఒప్పందం. నిర్వాహకుల నిబంధనల్లో ఇది ఎక్కడా లేదు, ఎవరూ రాయలేదు, రాయాలని ఎవరికీ తోచలేదు, అయినా ఇటు నుంచి అటు దాకా అందరూ పాటిస్తున్నారు. ఆఖరికి కద్దూర్ కూడా. కద్దూర్ నోరు విప్పితే మురికికాలవ, అవతలివాడి తల్లినీ చెల్లినీ ఏడు తరాలనూ వదలడు, అలాంటివాడు అజాన్ చెవిన పడగానే తిట్టును సగంలో మింగేసి, తుపాకీ దించేసి, ఇంకో అరగంట పస్తు తనకి మిగిలి ఉండగానే అవతలివాళ్లు తింటున్న చప్పుడు వింటూ కిక్కురుమనకుండా నిలబడతాడు. ఇవాళా అలాగే నిలబడ్డాడు. ఆఖరి రౌండు, ఇరుపక్షాలూ సమానం, ఎవరు ముందు పేలిస్తే వాళ్లదే అన్నంత ఉత్కంఠ, గోడ మీద రంజాన్ వేళల పట్టీ వేలాడుతోంది గానీ దానివైపు చూసే తీరికెక్కడిది, అప్పుడు బాదీస్ మైకులోంచి అజాన్ వచ్చింది. 'మీది వచ్చేసిందన్నా! చేతులు తీశాం, తినండి' అన్నాడు మీలూద్, ఆ ఒత్తిడిలోనూ నవ్వుతూనే అన్నాడు. లజ్‌హర్ తన తుపాకీ కూడా దించి పళ్లెం వైపు తిరిగాడు. అప్పుడే రెండు చప్పుళ్లు, ఒకదాని వెనక ఒకటి.

ఆ తర్వాత మీలూద్ అన్న మాటలే ఎక్కువ బాధిస్తున్నాయి, కద్దూర్ అరిచిన బూతులు కావు. బూతులు నయం, వాటికి తలుపు మూసుకోవచ్చు.

"ఉండరా కద్దూర్, కాస్త నోరు ముయ్యి. లజ్‌హర్ అన్నా, సహా ఫ్తూరెక్, నీ ఇఫ్తార్ ఒంటబట్టాలి, ముందు నీ ఉపవాసం విడువు. మీవాడి వేలు జారిందేమోలే, ఆకలి మీద ఎవరికైనా జారుతుంది. తిన్నాక నువ్వొక్క మాట చెప్పు, వేలు జారిందని నువ్వంటే చాలు, మేం ఒప్పుకుంటాం, గెలుపు మీదే. మా అజాన్ దాకా ఇక్కడే కూచుంటాం."

నువ్వంటే చాలు. వహ్రాన్‌లో పొద్దు గుంకగానే ఫలితాలు ఖాయం చేసేస్తారు నిర్వాహకులు, ఆలోగా జోడీ నాయకుడు, అంటే ఇటు తనో అటు మీలూదో, నోరు విప్పకపోతే తెర మీద ఏది ఉంటే అదే ఖాయం. అంటే లజ్‌హర్ అబద్ధం కూడా ఆడక్కర్లేదు. ఊరికే, ఇప్పటిలా మైకు కట్టేసుకుని, కూర్చుంటే చాలు. వంటింటి పక్క గదిలో గిన్నెల చప్పుడు, పచ్చగోధుమ రవ్వ వేసిన జారీ సూప్ వాసన, నూనెలో వేగిన బూరక్ చుట్టల వాసన, పొద్దుట్నుంచీ ఎదురుచూసిన వాసనలే, ఇప్పుడు లేవబుద్ధి కావడం లేదు. బాదీస్ నవ్వు వినబడుతోంది. అక్కకి ఏదో చెబుతున్నాడు, వహీబా కూడా నవ్వుతోంది పాపం, ఏం తెలుసు దానికి. ఏమయ్యా, నీ గిన్నెలో పోశాను, చల్లారిపోతోంది, అని కేకేస్తోంది. వస్తున్నా అని అనబోతే నోట్లో గింజ అడ్డొచ్చింది. ఉమ్మేస్తే పోయేదే. ఉమ్మడానికి కూడా అసహ్యంగానే ఉంది, ఉమ్మితే ఈ పని పూర్తయిపోయినట్టు, తిన్నట్టు, ఒప్పుకున్నట్టు.

ఫ్రిజ్‌లు బాగుచేసుకునే మనిషికి, నలభై రెండేళ్లవాడికి, ఈ ఆటలేమిటని అత్తగారింట్లో ఎన్నిసార్లు ఎద్దేవా చేశారో లెక్కలేదు, పెళ్లి చూపుల్లో కూడా ఎవరో అడిగారు, కుర్రాడికి వ్యసనాలేమన్నా ఉన్నాయా అని, వహీబా మేనమామ వెంటనే అందుకున్నాడు, ఉంది, బొమ్మల్ని కాలుస్తాడు, అని, గది గదంతా పగలబడి నవ్వింది. నవ్వనీ. సలాహ్ మామ వీడియో ఆటల కొట్లో నేర్చుకున్న ఆట ఇది, రెవల్యూషన్ చౌరస్తా వెనక సందులో, ఒకటే టీవీ, రెండే పీటలు, దేశంలో అంతర్యుద్ధం నడుస్తూ, చీకటి పడితే బయట తిరగడానికి జనం భయపడే ఏళ్లు అవి, పగలంతా ఆ కొట్లోనే, ఓడినవాడు పీట ఖాళీ చెయ్యాలి. ఎవరూ లెమ్మనేవారు కాదు. ఓడినవాడే లేచేవాడు. లేవకుండా బుకాయించేవాణ్ణి సలాహ్ మామ ఏమీ అనేవాడు కాదు, ఊరికే వాడి మొహంకేసి చూసేవాడు, పక్కన కూచున్నవాడి మోచెయ్యి నీ మోచేతికి తగులుతూ ఉంటుంది, వాడి చెమట నీకు తెలుస్తుంది, వాణ్ణి మోసం చేసి వాడి పక్కనే కూచోవడం ఎంత కష్టం, ఒకసారి తనే చేశాడు, ఓడిపోతుంటే టీవీ వైరు కాలితో లాగేశాడు, ఆ రోజంతా ఎవరూ తనతో మాట్లాడలేదు, మర్నాడు సొంత డబ్బుతో అందరికీ నిమ్మ షర్బత్ పోయించాక గానీ కలుపుకోలేదు. ఇప్పుడో? ఇప్పుడు మోచెయ్యి ఎక్కడుంది, మొహం ఎక్కడుంది. ఎవడో ఆటలో గోడల అవతల మనుషుల్ని చూపించే దొంగ సరుకు కొని పెట్టుకుంటాడు, ఎవడో తన బదులు ఇంకొకణ్ణి కూచోబెట్టి పేరు తను మోస్తాడు, ఓడిపోతున్నానని తెలియగానే ఎవడో నెట్ పీకేసి మా ఊళ్లో నెట్ సరిగ్గా లేదంటాడు, మైకులో ఆడపిల్ల గొంతు వినబడితే చాలు, మీసాలు రానివాడు కూడా వెకిలిమాటలు మొదలెడతాడు, పోయిన చలికాలం కసంతీనా నుంచి ఆడే ఒకమ్మాయి, తమ అందరికంటే గురి ఉన్న పిల్ల, వీళ్ల రోత భరించలేక ఆట మానేసింది. థూ. ఇదంతా చూసి కూడా లజ్‌హర్ ఏమనుకున్నాడు? రోతంతా నోళ్లలో ఉందనుకున్నాడు. బాదీస్ నోరు శుభ్రం. ఒక్క తిట్టు తిట్టడు, అన్నా తమ్ముడూ అనే పిలుస్తాడు, గెలిస్తే అల్‌హందులిల్లా అంటాడు. అందుకే కదా జోడీగా పెట్టుకున్నది, నలుగురిలో చెప్పుకున్నది, మా బావమరిది బంగారం, అని.

తలుపు తోసుకుని బంగారమే వచ్చింది, చేతిలో బూరక్‌ల పళ్లెం, పెదవుల మీద నూనె మెరుపు.

"బావా! ఇంకా ఇక్కడే కూచున్నావేంటి? మా అక్క తిడుతోంది. రాజధానికి వెళ్తున్నాం, రాజధానికి! నీ నీలం చొక్కా ఇస్త్రీ చేయించుకో మరి."

"ఫోన్‌లోదా?"

"ఏది?"

"అజాన్."

బాదీస్ ఒక్క క్షణం పళ్లెంలోకి చూశాడు. తర్వాత పళ్లికిలించాడు, చిన్నప్పుడు పంచదార డబ్బాతో దొరికినప్పుడు కూడా ఇలాగే పళ్లికిలించేవాడని వహీబా ముచ్చటగా చెప్పుకుంటుంది.

"అబ్బా బావా, ఎంతసేపు ముందు? కాసేపేగా. ఎలాగూ వచ్చే అజానే, కొంచెం తొందరగా వచ్చింది. వాళ్లకి మన వేళలు తెలీవు కదా. అయినా చేతులు తియ్యమని నేను చెప్పానా? నిబంధనల్లో ఎక్కడుందో చూపించు. వాళ్లే తీశారు. వాళ్ల తెలివితక్కువకి నేనేం చేసేది?"

"నేను తినేశాను రా."

"ఏంటీ?"

"నేనూ నమ్మాను. తినేశాను. పొద్దుండగానే."

బాదీస్ కళ్లు పెద్దవయ్యాయి, అమ్మయ్య, సిగ్గుపడుతున్నాడు, అనుకున్నాడు లజ్‌హర్, ఆ అర క్షణం నిజంగానే ఆశపడ్డాడు, ఇప్పుడు వీడు ఈ పళ్లెం కింద పెట్టి తల పట్టుకుంటే చాలు, క్షమించేద్దామనుకున్నాడు. వాడు నవ్వడం మొదలుపెట్టాడు. ముందు ఆపుకున్నాడు, ఆగలేదు, పళ్లెం ఊగిపోయేలా నవ్వాడు.

"వల్లాహి, నువ్వు కూడానా! సి లర్బీ దగ్గు వినబడిందా లేదా అని చూసుకోవద్దూ? నేనైతే అసలుది వచ్చేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదు బావా. నా ఉపవాసం నేనెందుకు పాడుచేసుకుంటాను? పోన్లే, తెలీక తిన్నదేగా, పండగయ్యాక ఒక రోజు ఉపవాసం ఉండి తీర్చేసెయ్. ఇదిగో, వేడివేడిగా ఉంది, తిను."

వాడు వెళ్లిపోయాక కూడా ఆ మాట గదిలోనే ఉంది. నేనైతే అసలుది వచ్చేదాకా ఆగాను. దొంగ అజాన్ మోగించిన చేత్తోనే ఖర్జూరం పట్టుకుని, అసలు అజాన్ కోసం భక్తిగా, ఓపిగ్గా ఎదురుచూశాడు. దానికంటే, దేవుడా, దానికంటే వాడు ఆకలికి ఆగలేక తినేసి ఉంటే బాగుండేది, వాడిలో ఎక్కడో మనిషి ఉన్నాడనుకునేవాణ్ణి. గుటక వేశాడు, ఆ గుటకతో ఖర్జూరం ముక్క ఇంకొంచెం లోపలికి పోయింది, అదీ పోయిందా, సరే పో. ఒళ్లంతా జిగురు జిగురుగా ఉంది. చేతులు కడుక్కుంటే పోయే జిగురు కాదు. మూడేళ్ల కిందట ఒక ఇంట్లో ఫ్రిజ్ తెరిచాడు, ఇంటివాళ్లు సెలవులకి వెళ్తే కరెంటు పోయి లోపల మాంసం కుళ్లింది, ఎంత కడిగినా ఆ వాసన వేళ్లకి వారం రోజులుంది, ఇదిగో మళ్లీ అదే వాసన, ఈసారి తన ఇంట్లోంచే, తను తిండి పెట్టి, పక్కగది ఇచ్చి, ఆటకి కంప్యూటర్ కొనిచ్చి పెంచిన చోటు నుంచే.

చెప్పెయ్. చెప్పేస్తే ఏమవుతుంది? ఏమవుతుందో తెలుసు. వేలు జారలేదు, దొంగ అజాన్ పెట్టాడు, అని మైకులో అంటే కద్దూర్ ఊరుకుంటాడా, వాడి నోరు, తెల్లారేసరికి కాదు, సూప్ చల్లారేలోగా ఇటు అన్నాబా నుంచి అటు పడమటి సరిహద్దు దాకా పాకిపోతుంది, రంజాన్‌లో అజాన్‌తో ఆడుకున్నవాడు అని బాదీస్ ఫొటో పెడతారు, వాడి పేరు, వాడి కాలేజీ, వాడి అక్క పేరు, ఈ ఇంటి తలుపు కూడా పెడతారు, ఎవడెవడో, నిన్న మొన్న దొంగ సరుకు వాడి గెలిచినవాళ్లే, కసంతీనా పిల్లని ఏడిపించినవాళ్లే, ఇవాళ ధర్మాత్ములై రాళ్లు పట్టుకుని వస్తారు, వాళ్లని తలచుకుంటే కూడా అంతే రోత. ఎటు చూసినా రోతే. చెప్పకపోతే? చెప్పకపోతే రాజధాని. వేదిక, దీపాలు, జనం, ఎవరో తన పేరు పూర్తిగా పిలుస్తారు, ఆ మేనమామ టీవీలో చూస్తాడు. ఇంకో ఏడాదికి కళ్లు ఇలా ఉండవు, మణికట్టు ఇప్పటికే చలికి బిగుసుకుపోతోంది, ఇదే ఆఖరు అని తనకే తెలుసు. ఊరికే కూచుంటే చాలు. ఎంత తేలిక. వేలు జారిందనే మాట కూడా మీలూదే అందించాడు, పాపిష్టివాడు, ఎందుకు అందించాడు, కద్దూర్ లాగా తిట్టొచ్చు కదా, తిడితే నేనూ తిట్టేవాణ్ణి, తిట్టుకుంటూ గెలిచేవాణ్ణి. రెండేళ్లుగా వాడి గొంతు తప్ప మొహం తెలీదు. రొట్టెల కొట్టు ఉందని తెలుసు, వెనకాల ఎప్పుడూ ఒక పిల్ల దగ్గుతూ ఉంటుందని తెలుసు. ఇప్పుడు కూడా మెడలో హెడ్‌ఫోన్లలోంచి సన్నగా ఆ దగ్గు వినబడుతోంది. కూచునే ఉన్నాడు. నోరెండిపోయి, ఇంకా పొద్దుగుంకని ఊళ్లో, తన మాట కోసం.

మోచెయ్యి తగులుతున్నట్టే అనిపించింది లజ్‌హర్‌కి. పక్క పీట మీద ఎవరో ఉన్నట్టు. ఓడినవాడే లేవాలి, ఎవరూ లెమ్మనరు.

నోట్లోంచి గింజ తీసి బల్ల మీద పెట్టాడు. లేచి వంటింట్లోకి వెళ్లి తన గిన్నె తెచ్చుకున్నాడు, వహీబా మొహం చూసి ఏమైందయ్యా అంది, తర్వాత చెప్తానన్నాడు, బాదీస్ చెంచా మాత్రం సగంలో ఆగిపోయింది. మళ్లీ గదిలోకొచ్చి గిన్నె తెర ముందు పెట్టుకుని, ముట్టుకోకుండా, హెడ్‌ఫోన్లు ఎక్కించుకుని మైకు తెరిచాడు.

"మీలూద్."

"ఉన్నానన్నా. తిన్నావా?"

"వేలు జారలేదు."

అవతల ఏదో కుర్చీ కిర్రుమంది.

"మీరు విన్నది మా అజాన్ కాదు. మా మసీదుది కాదు. ఫోన్‌లోది. మా ఇంట్లోంచే వచ్చింది, మా ఇంట్లోంచి ఏదొచ్చినా దానికి నేనే జవాబుదారిని, ఎవరు అని మాత్రం అడక్కు. గెలుపు మీది. నిర్వాహకులకి ఇప్పుడే నేను చెప్పేస్తున్నాను." బొత్తాం నొక్కాడు. బంగారు అక్షరాలు చెరిగిపోయి, వాటి చోట బూడిదరంగులో 'ఓటమి' అని వచ్చింది. చెరిగిపోయినందుకు హాయిగా ఏమీ అనిపించలేదు, వాంతి అయిపోయాక మిగిలే నీరసం లాంటిది మాత్రం ఉంది.

కద్దూర్ తిడతాడని ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనిపించింది. రెండేళ్లలో మొదటిసారి కద్దూర్ దగ్గర ఒక్క తిట్టూ లేదు. "అజాన్‌తోనా..." అన్నాడు, చిన్న గొంతుతో, ఎవరో కొట్టిన పిల్లాడిలాగా. "మేం మీకోసం నిలబడ్డాం కదన్నా." తమ వంతు నిలబడాల్సినప్పుడు ఏ రోజూ తప్పలేదని లజ్‌హర్ చెప్పబోయాడు. దానికేం విలువ ఉందిప్పుడు. గిన్నె మీద మీగడలా పొర కడుతోంది. కిటికీ బయట అన్నాబా పూర్తిగా చీకటైంది, వీధిలో ఒక్క మనిషి లేడు, అందరూ అన్నాల దగ్గర ఉన్నారు, మొత్తం ఊళ్లో తను ఒక్కడే పొద్దు గుంకని చోట కూచున్నట్టుంది. మీలూద్ లేచి పోతాడనుకున్నాడు. పోలేదు. పిల్ల దగ్గు, నీళ్లు పోస్తున్న చప్పుడు, దూరంగా ఎక్కడో బండి హారన్, వహ్రాన్ వీధి చప్పుళ్లు, ఎప్పుడూ చూడని వీధి.

అప్పుడు అజాన్ మొదలైంది. హెడ్‌ఫోన్లలోంచే, సన్నగా, అవతలి గది కిటికీలోంచి వచ్చి, మీలూద్ మైకులో దూరి, దేశం ఆ చివర నుంచి ఈ చివరికి. అందమైన గొంతు. లజ్‌హర్ చెయ్యి గిన్నె వైపు కదిలి, మధ్యలో ఆగిపోయింది. చెవులు రిక్కించాడు. దగ్గు కోసం వెతికాడు, గరగర కోసం, ఊపిరి కోసం, ఫోన్ కాదని చెప్పే ఏదో ఒకదాని కోసం, ఇంత బతుకులో ఎన్నడూ అజాన్‌ని అలా విన్లేదు, దొంగ నోటుని దీపానికి పట్టి చూసినట్టు. బాదీస్ చేసిన పనికంటే ఇప్పుడు తను చేస్తున్న ఈ పనికే ఎక్కువ అసహ్యం వేసింది. చెయ్యి మాత్రం కదల్లేదు.

ఇటు నుంచి చెంచా చప్పుడు రాలేదని మీలూద్‌కి ఎలా తెలిసిందో మరి.

"నిజమైనదే అన్నా," అన్నాడు మెల్లిగా. "మా మసీదుదే. తిను."